రక్తం తిరిగొచ్చినా చూపు ఎందుకు రాలేదు? రెటీనాలో జీన్లు మారాయంటే అర్థం ఏంటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. తెనాలి దగ్గర వ్యవసాయం చేసే మీ నాన్నగారికి 63 ఏళ్ళు, బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటే వేసుకున్నారు లేకపోతే లేదు. మూడు వారాల కిందట పొద్దున్నే పళ్ళు తోముకుంటుండగా కుడి కన్ను నొప్పి లేకుండా చీకటైపోయింది. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేశారు, మర్నాడు సాయంత్రానికి డాక్టర్ దగ్గరకు వెళ్తే రెటీనా (కంటి వెనక వెలుతురుని పట్టే పొర) ఆర్టరీ బ్లాక్, అంటే దానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోయింది అన్నారు. వారం తర్వాత తీసిన యాంజియోగ్రామ్‌లో (కంటి నాళాల ఫొటోలో) రక్తం మళ్ళీ పారుతోందని చెప్పారు, చూపు మాత్రం చెయ్యి ఊపితే తెలిసేంత దగ్గరే ఆగిపోయింది. మీరు నెట్‌లో వెతికితే 'రక్తప్రసరణ ఆగాక రెటీనాలో వందల జీన్లు మారతాయి' అని కనపడింది. అందుకని మూడు సంగతులు అడిగారు: నాన్నగారి జీన్లు చెడిపోయాయా, అది మాకూ వస్తుందా, జీన్ మందు ఏమైనా ఉందా.

సూటిగా చెప్తాను. జీన్లు చెడిపోలేదు. ఆ మార్పు మీకు సంక్రమించదు. పోయిన చూపును వెనక్కి తెచ్చే జీన్ మందు ఇవాళ లేదు. రక్తం వచ్చినా చూపు రాకపోవడానికి కారణం మొదటి కొన్ని గంటల్లోనే ఆ కణాలు చనిపోవడం. నారు నిలువునా ఎండిపోయాక కాలవకి నీళ్ళు వదిలితే ఏమవుతుందో మీ ఇంట్లో నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు మనం కాపాడుకోవాల్సింది రెండో కన్నునీ, మెదడునీ. దాని గురించి కింద రాస్తాను, ఓపిక లేకపోతే ముందు అదే చదవండి.

నేను గుంటూరులో రెటీనా డాక్టర్‌ని, పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. అంతకు ముందు రెండేళ్ళు ల్యాబ్‌లో ఎలుకల రెటీనాలో సరిగ్గా మీరు చదివిన విషయం మీదే పని చేశాను, కాబట్టి ఈ 'వందల జీన్లు' అన్న మాట ఎక్కడి నుంచి వస్తుందో కొంత తెలుసు.

ముందు ఆ 'మారడం' అన్న మాట సంగతి. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20,000 ఉంటాయి. కంట్లో కణానికీ, కాలేయంలో కణానికీ ఉన్నవి దాదాపు అవే. ఏ కణంలో ఏ జీన్ పని చేస్తోంది, ఎంత జోరుగా చేస్తోంది అన్నదే తేడా. ఇంట్లో గ్యాస్ బండ అయిపోయిందనుకోండి, అటక మీద నుంచి పాత కిరసనాయిలు స్టవ్ దించుతాం, ఆ పూటకి పప్పూ కూరా మానేసి ఏదో ఒకటి ఉడకేసుకుంటాం, ఇంకోపక్క బండ బుక్ చేస్తాం. ఆ రోజు మన ఇంటికొచ్చిన వాళ్ళకి వంటిల్లు 'మారిపోయినట్టు' కనిపిస్తుంది. కానీ ఇల్లు అదే, సామానూ అదే. రక్తం ఆగిన రెటీనాలో జరిగేదీ అంతే. జీన్ అక్షరాలు ఒక్కటీ మారవు. పైగా అదంతా ఆ కంటి పొరలో జరిగే సంగతి, పిల్లలకు అందే విషయమే కాదు, మీరు పుట్టి ఎన్నో ఏళ్ళయింది కూడా. కుటుంబంలో నడిచేవి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటివి. వాటి కోసం మాత్రం మీరూ మీ అన్నదమ్ములూ చూపించుకోండి.

ఇక రక్తం ఆగాక ఏం జరుగుతుందో వరసగా.

రెటీనాకి రెండు దారుల్లో రక్తం వస్తుంది. లోపలి పొరలకి సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ, వెలుతురుని పట్టే బయటి పొరకి వెనకున్న కొరాయిడ్ అనే రక్తనాళాల పొర. ఒకే పొలానికి ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోరు అనుకోండి. మీ నాన్నగారికి ఆగింది కాలవ. వెలుతురుని పట్టే కణాలు ఇప్పటికీ బతికే ఉండి ఉంటాయి, కానీ ఆ సమాచారాన్ని మెదడుకి మోసుకెళ్ళే గాంగ్లియాన్ కణాలు లోపలి పొరలో ఉంటాయి, దెబ్బ వాటికి తగిలింది. కొంతమందికి పుట్టుకతోనే కొరాయిడ్ వైపు నుంచి ఒక చిన్న అదనపు నాళం చూపు కేంద్రానికి వస్తుంది, సీలియోరెటీనల్ ఆర్టరీ అంటాం. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ గారికి పెద్ద ఆర్టరీ పూర్తిగా మూసుకుపోయినా ఆ చిన్న నాళం వల్ల మధ్య చూపు నిలిచింది, ఇప్పటికీ పేపర్ చదువుతారు. ఆయన ఏదో చేసి కాపాడుకున్నారని కాదు, ఆ నాళం ఆయనకు ఉంది, మీ నాన్నగారికి లేదు, అంతే. దయచేసి ఎవరి మీదా తప్పు మోపుకోవద్దు.

రక్తం ఆగిన నిమిషాల్లోనే మొదటి వరస జీన్లు లేస్తాయి. సి-ఫాస్, సి-జున్ అనేవి వీటిలో ముఖ్యమైనవి. ఇవి కబురు మోసేవి, మిగతా జీన్లని నిద్రలేపి కొన్ని గంటల్లో తాము సద్దుమణుగుతాయి. దాంతోపాటు హీట్ షాక్ ప్రొటీన్ల జీన్లు, హీమ్ ఆక్సిజనేజ్-1 లాంటివీ పెరుగుతాయి. ఇవి కణాన్ని కాపాడటానికి చేసే ప్రయత్నాలు.

తర్వాత అసలు నాయకుడు హిఫ్-1 ఆల్ఫా. దీని పనితీరు నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఆక్సిజన్ సరిగ్గా ఉన్నంతసేపూ కణం ఈ ప్రొటీన్‌ని తయారుచేస్తూనే ఉంటుంది, చేసింది చేసినట్టే ముక్కలు చేసి పారేస్తూనే ఉంటుంది. పారేయడానికి వేసే గుర్తుకి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గగానే ఆ గుర్తు పడదు, పారేయడం ఆగుతుంది, హిఫ్ పోగుపడి కేంద్రకంలోకి వెళ్ళి పెద్ద జాబితాలో ఉన్న జీన్లన్నిటినీ పనిలో పెడుతుంది. అంటే అలారం ఎప్పుడూ మోగడానికి సిద్ధంగానే ఉంటుంది, ఆక్సిజన్ దాని నోరు మూసి ఉంచుతుంది. దీన్ని కనిపెట్టినందుకే గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో నోబెల్ ఇచ్చారు.

హిఫ్ లేపే జీన్లలో గ్లూకోజ్‌ని లోపలికి లాగేవి, ఆక్సిజన్ లేకుండానే దాన్ని కరిగించేవి ఉంటాయి. అదే మన కిరసనాయిలు స్టవ్. ఆక్సిజన్‌తో ఒక గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు) వస్తే దీంతో వచ్చేది 2. పైగా పొగలాగా లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. కొద్దిసేపు నెట్టుకు రావచ్చు, రోజంతా కాదు. శక్తి చాలక కణాల మధ్య గ్లూటమేట్ పేరుకుపోతుంది, మామూలుగా కణాలు మాట్లాడుకోవడానికి వాడే ఆ పదార్థమే ఎక్కువైతే విషం అవుతుంది, ముందు లోపలి పొరల్నే చంపుతుంది. పిల్ల ఎలుకల్లో ఈ సంగతిని 1957లోనే లూకాస్, న్యూహౌస్ అనే ఇద్దరు చూపించారు.

రక్తం తిరిగి వచ్చాక ఇంకో దెబ్బ ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. ఒక్కసారిగా వచ్చిన ఆక్సిజన్‌తో హానికరమైన రాడికల్స్ పుడతాయి. నాళాల లోపలి గోడలు ఐకామ్-1 లాంటి అంటుకునే ప్రొటీన్ల జీన్లని పెంచుతాయి, తెల్లరక్తకణాలు అక్కడ అతుక్కుని లోపలికి వస్తాయి. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు జీన్లు ఎగుస్తాయి. కణం తనంతట తాను చనిపోయే దారిలో ఉండే కాస్పేజ్‌లు పనిలోకి దిగుతాయి. తర్వాత రోజుల్లో, వారాల్లో రెటీనాకి ఆసరాగా ఉండే ముల్లర్ కణాలు జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్‌ని విపరీతంగా తయారుచేస్తాయి, అది ఒక రకంగా మచ్చ కట్టడం. మీ నాన్నగారి రెటీనా మూడో వారంలో ఉంది కాబట్టి ఇప్పుడు అక్కడ నడుస్తున్నది ఎక్కువగా ఈ చివరి పనే.

ల్యాబ్‌లో దీన్ని ఎలా చూస్తామో చెప్తాను, ఎందుకంటే మీరు చదివిన అంకెల్ని ఎంతవరకు నమ్మాలో దాంట్లోనే తెలుస్తుంది. మత్తిచ్చిన ఎలుక కంట్లోకి సన్న సూది పెట్టి, దానికి తగిలించిన సెలైన్ బాటిల్‌ని ఒకటిన్నర మీటరు ఎత్తున కడతాం. కంటిలోపల ఒత్తిడి సుమారు 110 మిల్లీమీటర్ల పాదరసానికి చేరుతుంది (మనిషికి మామూలుగా 10 నుంచి 21), రక్తం లోపలికి రాలేక కన్ను అడుగు పాలిపోతుంది. గంట ఆగి బాటిల్ దించితే కళ్ళముందే ఎరుపు తిరిగి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత ఆనందం వేసిందో, హమ్మయ్య బతికింది అనుకున్నాను. వారం తర్వాత అదే రెటీనాని కోసి చూస్తే లోపలి పొరలు సగానికి పలచబడి ఉన్నాయి. ఇప్పటికీ యాంజియోగ్రామ్‌లో రక్తం పారుతోంది అని చెప్పినప్పుడు రోగి ఇంట్లోవాళ్ళ ముఖాలు వెలగడం చూస్తే నాకు ఆ ఎలుక గుర్తొస్తుంది, అందుకే ఆ మాట చెప్పిన వెంటనే, ఆగకుండా, రెండో మాట కూడా చెప్పేస్తాను.

సరే, ఆ రెటీనా నుంచి ఆర్ఎన్ఏ (పని చేస్తున్న జీన్ నుంచి తయారయ్యే నకలు) తీసి ఏ జీన్ ఎంత పని చేస్తోందో కొలుస్తాం. ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి. మొదటిది, గాంగ్లియాన్ కణాలకు గుర్తుగా వాడే థై-1 లాంటి జీన్ తగ్గిందంటే, జీన్ పని తగ్గించుకుందా లేక ఆ కణాలే చచ్చిపోయాయా? రెండూ అవుతాయి. రెండోది, వాపు జీన్లు పదింతలు పెరిగాయంటే రెటీనా కణాలు వాటిని పెంచాయా లేక బయటి నుంచి తెల్లరక్తకణాలు వాటితోపాటే వచ్చాయా? ఊళ్ళో తిరునాళ్ళ రోజు తలకాయలు లెక్కపెట్టి ఊరి జనాభా పెరిగింది అన్నట్టు ఉంటుంది. ఒక్కో కణాన్నీ విడివిడిగా చదివే పద్ధతులు వచ్చాక ఇది చాలా తేలికపడింది. మూడోది, ఎలుకలో ఒత్తిడితో కాలవా బోరూ రెండూ ఆపేస్తున్నాం, మీ నాన్నగారికి ఆగింది ఒక్కటే. మనిషి రెటీనా నుంచి బతికుండగా ముక్క తీసి చూడలేం కూడా. కాబట్టి 'వందల జీన్లు' అన్నది నిజమే కానీ, అందులో కారణం ఏది, ఫలితం ఏది, వచ్చిపోయే చుట్టాలు ఏవి అని విడదీయడమే అసలు పని.

టైమ్ గురించి అందరూ అడుగుతారు. పంజాబ్‌లో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన సోహన్ సింగ్ హేరే అనే కంటి డాక్టర్ కోతుల మీద దశాబ్దాలు పనిచేసి తేల్చింది ఏంటంటే, ఆర్టరీ పూర్తిగా ఆగితే సుమారు 97 నిమిషాల వరకు రెటీనా తట్టుకుంటుంది, 240 నిమిషాలు దాటితే తిరిగి రాని భారీ నష్టం. మనిషిలో బ్లాక్ చాలాసార్లు పూర్తిగా ఉండదు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ మీరు మర్నాడు సాయంత్రం కాకుండా అదే రోజు సాయంత్రం వచ్చినా చూపు దక్కేదని నేను చెప్పలేను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది ఈ గడువు దాటిపోయాకే వస్తారు. కూతురి పెళ్ళి పనుల్లో ఉండి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచిన అమ్మగారిని చూశాను. నొప్పి లేకపోవడమే దీనిలో పెద్ద మోసం.

ఇప్పుడు విఈజీఎఫ్ గురించి, ఎందుకంటే జీన్ల పని తెలిసినందువల్ల నిజంగా మందు వచ్చింది ఇక్కడే. హిఫ్ లేపే జీన్లలో ఇదొకటి, మన ఉదాహరణలో 'బండ బుక్ చేయడం'. కొత్త రక్తనాళాలు పంపమని కణం పెట్టే కేక. ఆక్సిజన్ అందని రెటీనా ఇలాంటి పదార్థం ఏదో విడుదల చేస్తుందని మైకేల్సన్ 1948లోనే ఊహించాడు, దాన్ని ఎవరో పట్టుకునేసరికి 1989 అయ్యింది, 1994లో షుగర్ రోగుల కంటి ద్రవంలో కొలిచి చూపించారు. కష్టం ఏంటంటే ఆ కేకకి వచ్చే నాళాలు కచ్చావి, కారతాయి, చిట్లుతాయి, నల్లగుడ్డు అంచున పెరిగి నీరు బయటికి పోయే దారిని మూసేసి కంటి ఒత్తిడిని పెంచేస్తాయి.

మీరు ఇంకోచోట 'మా పక్కింటాయనకి ఇంజెక్షన్లు వేస్తే చూపొచ్చింది, నాన్నకి ఎందుకు వేయలేదు' అని కూడా రాశారు. ఆయనది వెయిన్ బ్లాక్ అయ్యుంటుంది. ఆర్టరీ బ్లాక్ వేరు, వెయిన్ బ్లాక్ వేరు. వెయిన్ మూసుకుంటే రక్తం బయటికి పోలేక నిలవ ఉంటుంది, కణాలు ఒక్కసారిగా చావవు, నెలల తరబడి ఊపిరాడక అల్లాడతాయి, విఈజీఎఫ్ కేకలు పెడుతూనే ఉంటాయి, దాంతో రెటీనా మధ్యలో నీరు చేరుతుంది. ఆ కేకని ఇంజెక్షన్‌తో ఆపితే నీరు తగ్గి చూపు మెరుగవుతుంది. ఆర్టరీ బ్లాక్‌లో ఆ పొరలు త్వరగా చనిపోతాయి. చచ్చిన కణం కేక పెట్టదు, ఇంజెక్షన్ ఆపడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. మీ డాక్టర్ వేయకపోవడం సరైన నిర్ణయమే.

అయినా కొద్దిమందిలో ఆర్టరీ బ్లాక్ తర్వాత కూడా ఆ కచ్చా నాళాలు వస్తాయి. అందుకని మొదటి మూడు నాలుగు నెలలు కొన్ని వారాలకొకసారి నల్లగుడ్డు అంచు చూపించాలి, కంట్లో చుక్కలు వేసి పాప పెద్దది చేయకముందే చూడమని అడగండి. వెయిన్ బ్లాక్‌లో దీన్ని వంద రోజుల గ్లాకోమా (కంటి ఒత్తిడి జబ్బు) అనేవాళ్ళు. మిర్చి యార్డులో తొడిమలు తీసే పని చేసే ఒకావిడ వెయిన్ బ్లాక్‌కి రెండు ఇంజెక్షన్లకే చూపు బాగైందని రావడం మానేసింది, సీజన్‌లో కూలి పోతుందని ఆమె బాధ. మూడు నెలల తర్వాత భరించలేని నొప్పితో, ఎర్రటి కన్నుతో వచ్చింది. నొప్పి తగ్గించగలిగాం, చూపు కాదు. ఫోన్ చేసి పిలిపించాల్సింది అని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఆ తర్వాత నుంచి మా దగ్గర ఇలాంటి వాళ్ళకి గుర్తుచేయడానికి ఒక అమ్మాయిని పెట్టాం.

జీన్ మందు సంగతి. లక్స్‌టర్నా అని 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది పుట్టుకతో ఆర్‌పీఈ65 అనే ఒక్క జీన్ పాడైనవాళ్ళ కోసం. మీ నాన్నగారికి పాడైన జీనే లేదు, కాబట్టి అది పనికిరాదు. జీబ్రా చేపలో రెటీనా దెబ్బతింటే ముల్లర్ కణాలు ఆస్కెల్-1 అనే జీన్‌ని లేపి కొత్త కణాల్ని పుట్టిస్తాయి. మనలో అవే కణాలు మచ్చ కడతాయి. 2017లో ఎదిగిన ఎలుకల్లో ఆ జీన్‌ని బలవంతంగా లేపి కొన్ని కొత్త న్యూరాన్లు పుట్టించారు. నాకు దాని మీద నిజంగా ఆశ ఉంది, కానీ అది మీ నాన్నగారి కంటికి ఈ ఏడాదో వచ్చే ఏడాదో అందే వస్తువు కాదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేస్తాం, లక్షలు తెండి అనే వాళ్ళ దగ్గరకు మాత్రం వెళ్ళకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో కొవ్వు నుంచి తీసిన కణాలు రెండు కళ్ళలోనూ వేయించుకున్న ముగ్గురు మహిళల చూపు ఘోరంగా దెబ్బతింది, 2017లో వైద్య పత్రికలో వచ్చింది. ఉన్న ఒక్క కన్నుతో పొలానికి వెళ్ళే మనిషి దాన్ని పందెం కాయకూడదు.

ఎలుకల్లో ఇంకో వింత ఉంది. ఐదు నిమిషాలు రక్తం ఆపి వదిలేసి, మర్నాడు గంటసేపు ఆపితే నష్టం చాలా తక్కువ. ముందు రోజు లేచిన కాపాడే జీన్లు అప్పటికే కాపలా కాస్తుంటాయి. కొత్త ప్రొటీన్లు తయారవకుండా ఆపితే ఆ రక్షణ తగ్గిపోతుంది. ఇది చదివి ఎవరైనా కన్ను నొక్కుకుంటారేమోనని భయపడి చెప్తున్నాను, ఇంట్లో అలాంటిదేదీ చేయకండి. బ్లాక్ ఎప్పుడు వస్తుందో ముందు తెలియదు కాబట్టి ఇది చికిత్స కాలేదు.

ఇక ఈ వారం చేయాల్సింది. దీన్ని కంటికి వచ్చిన పక్షవాతం అనుకోండి. గుండె నుంచో మెడలో కెరోటిడ్ నాళం నుంచో వచ్చిన గడ్డ ముక్క కంటికి పోయి ఉంటుంది, అది ఇంకాస్త పైకి పోతే మెదడు. ఆ ప్రమాదం మొదటి రోజుల్లో, వారాల్లోనే ఎక్కువ, మీకు ఇప్పటికే మూడు వారాలయింది, మీరు రాసిన దాంట్లో గుండె పరీక్షల మాటే లేదు. న్యూరాలజిస్ట్‌కో ఫిజీషియన్‌కో రేపే చూపించండి. కెరోటిడ్ డాప్లర్ (మెడ నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్), ఈసీజీ, ఎకో, షుగర్, లిపిడ్స్ చేయిస్తారు. ఒంట్లో వాపుని చూపే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా అడగండి. తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉన్నాయేమో నాన్నగారిని గుచ్చి గుచ్చి అడగండి, ఉంటే అది నాళాల వాపు జబ్బు కావచ్చు, అప్పుడు రెండో కన్ను కూడా రోజుల్లో పోవచ్చు, వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లోనైనా, మీకు దగ్గరున్న ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా ఇవి జరుగుతాయి. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు, చుట్టో బీడీయో కాలుస్తుంటే ఆపించండి. ఎడమ కంటికి ఎప్పుడైనా తెర పడినట్టయి పోయినా సరే, రెండు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, చెయ్యి మొద్దుబారినా, మాట తడబడినా, మెడికల్ షాపుకి కాదు, 108కి ఫోన్ చేసి స్ట్రోక్ చూసే ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి.

ఒంటి కన్నుతో దూరం అంచనా తప్పుతుంది, మొదటి కొన్ని నెలలు బండి నడపనివ్వకండి, గట్టు మీద నడిచేటప్పుడు పక్కన ఒకళ్ళు ఉండండి. ఎడమ కంటికి పవర్ లేకపోయినా గట్టి పాలికార్బనేట్ అద్దాలు పెట్టించండి, కొడవలి పనిలో వరిగింజ తగిలి కన్ను పోగొట్టుకున్న వాళ్ళు ఏటా వస్తారు.

డాప్లర్ రిపోర్ట్ రాగానే నాళం ఎంత శాతం మూసుకుందన్నది ఇక్కడే రాయండి, ఆ అంకెని బట్టి తర్వాత ఏం అడగాలో చెప్తాను.